ఫాస్టు బౌలర్లకు ర్యాంకులు: ఏ తక్కెడతో తూచాలి?

క్రికెట్టు ఆటలో బ్యాట్స్‌మన్‌ను చూచి ముచ్చటపడతాము. ఫాస్టు బౌలరును చూచి మాత్రం వాదులాడుకొంటాము. మధ్యాహ్న విరామ సమయంలో మా కళాశాల ఆవరణలోని వేపచెట్టు క్రింద ఈ సంవత్సరం ఎన్ని వాదాలు జరిగినవో లెక్కలేదు. వాటిలో అధికభాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగినవి: ప్రపంచపు ఫాస్టు బౌలర్లలో అగ్రగణ్యుడెవరు? వయసు మీరిన అధ్యాపకులు డెనిస్ లిల్లీ పేరు చెబుతారు. వారి తరువాతి తరంవారు మాల్కం మార్షల్ అంటారు. రేడియో వ్యాఖ్యానం వింటూ పెరిగినవారికి కపిల్ దేవ్‌ను మించినవాడు లేడు. నేటి విద్యార్థికి జస్‌ప్రీత్ బుమ్రా తప్ప మరొకరు కంటికి ఆనరు. ఇంతలో గంట మ్రోగుతుంది. వాదం అసంపూర్తిగా మిగిలిపోతుంది. మరునాడు మళ్ళీ అక్కడినుండియే ప్రారంభం.

ఈ వాదాన్ని కాలక్షేపమని త్రోసివేయడానికి మాకు మనసు రాలేదు. ఇది పైకి ఆటను గూర్చిన వాదమే. కాని లోతున ఉన్న ప్రశ్న వేరు. వేర్వేరు కాలాలలో, వేర్వేరు నేలలపై చెమటోడ్చిన మనుష్యులను ఒకే వరుసలో నిలబెట్టి, నీవు మొదటివాడవు, నీవు పదవవాడవు అని తీర్పు చెప్పడం ఎంతవరకు న్యాయం? మా అభిప్రాయాన్ని మొదటనే విన్నవిస్తున్నాము. ర్యాంకు ఇవ్వడం తప్పు కాదు. పరిస్థితులను తుడిచివేసి ర్యాంకు ఇవ్వడం తప్పు.

ముందుగా అంకెల సంగతి చూద్దాము. బౌలరు విలువకు సాధారణంగా వాడే కొలమానం సగటు. అనగా ఒక్కొక్క వికెట్టుకు అతడు ఎన్ని పరుగులు ఇచ్చుకొన్నాడనే లెక్క. మార్షల్ 81 టెస్టులలో 376 వికెట్లు తీశాడు, సగటు 20.94. జోయెల్ గార్నర్ సగటు 20.97. కర్ట్‌లీ ఆంబ్రోస్ సగటు 20.99. ముగ్గురూ వెస్టిండీస్ వీరులే. మొదటివానికీ మూడవవానికీ నడుమ తేడా ఒక్క పరుగులో ఇరవయ్యవ వంతు! ఇంత సన్నని దారం పట్టుకొని ఒకరిని పై మెట్టుమీద, ఇంకొకరిని క్రింది మెట్టుమీద కూర్చుండబెట్టడం తీర్పు కాదు, చాదస్తం.

సగటే సర్వస్వమంటే ఇంకా వింత ఫలితాలు వస్తాయి. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండుకు ఆడిన జార్జి లోమన్ 18 టెస్టులలో 112 వికెట్లు తీశాడు, సగటు 10.75. మార్షల్ సగటులో ఇది దాదాపు సగం. అయినను మార్షల్ కంటె లోమన్ రెట్టింపు గొప్పవాడని ఎవరూ అనరు. అతని వేగం మధ్యరకం. పైగా 1895-96లో, టెస్టు క్రికెట్టుకు ఇంకా క్రొత్తదైన దక్షిణాఫ్రికా జట్టుపై మూడే టెస్టులలో 35 వికెట్లు అతని ఖాతాలో చేరినవి.

ఇంగ్లండుకే చెందిన సిడ్నీ బార్న్స్ ఉదాహరణ మరింత కనువిప్పు కలిగిస్తుంది. అతడు 27 టెస్టులలో 16.43 సగటుతో 189 వికెట్లు తీశాడు. ఈ అంకెను రెండుగా విడదీసి చూడండి. ఆస్ట్రేలియాపై 20 టెస్టులలో 106 వికెట్లు, సగటు 21.58. దక్షిణాఫ్రికాపై 7 టెస్టులలో 83 వికెట్లు, సగటు 9.85. 1913-14లో దక్షిణాఫ్రికాలో మ్యాటింగు పిచ్‌లపై నాలుగు టెస్టులలోనే 49 వికెట్లు పడగొట్టాడు. అదే మనిషి, అదే చేయి, అదే విద్య. ఎదుటి జట్టూ కాలి క్రింది నేలా మారేసరికి అంకె సగానికి దిగిపోయింది. ఈ రెండు అంకెలలో ఏది అసలైన బార్న్స్? రెండూ అతడే. ఒక్క అంకెలో మనిషి ఇమడడని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

అంతర్జాతీయ క్రికెట్ మండలి రేటింగు పద్ధతి ప్రత్యర్థి బలాన్ని కూడా లెక్కలోనికి తీసుకొంటుంది. వెనుకటి కాలాలకు సైతం ఈ లెక్క కట్టారు. అందులో 1914 నాటి బార్న్స్‌కు 932, లోమన్‌కు 931, 1983 నాటి ఇమ్రాన్ ఖాన్‌కు 922 పాయింట్లు. ఒట్టి సగటు కంటె ఇది మెరుగైన పద్ధతియే, సందేహం లేదు. అయితే ఈ అంకె చెప్పేది తన కాలపు ఆటగాళ్లలో అతడు ఎంత ఎత్తున నిలిచాడన్న సంగతి మాత్రమే. ఇమ్రాన్ బంతిని 1914 నాటి బ్యాట్స్‌మన్, శిరస్త్రాణం లేకుండా, ఎట్లు ఎదుర్కొనేవాడో అది చెప్పలేదు. ఏ పద్ధతీ చెప్పలేదు.

ఇక నిబంధనలు. ఆట పేరు మారలేదు గాని, ఆట మారుతూనే వచ్చింది. 1935కు పూర్వం బంతి రెండు వికెట్ల నడుమ గీతలో పడితేనే ఎల్‌బీడబ్ల్యూ. ఆఫ్ స్టంపుకు వెలుపల పడి లోనికి దూసుకువచ్చే బంతికి బ్యాట్స్‌మన్ కాలు అడ్డుపెట్టి నిశ్చింతగా ఉండేవాడు. నేడు బుమ్రాకు లభించే ఎల్‌బీడబ్ల్యూలలో కొన్ని బార్న్స్ కాలంలో అవుట్లే కావు. ఆ పక్షాన బార్న్స్ నష్టపోయాడు. మరొక పక్షాన అతనికి వానలో నానిన పిచ్‌లు దొరికినవి. నేటివలె ఆనాడు పిచ్‌ను కప్పి కాపాడే ఆచారం లేదు. 1970 దశకం చివర బ్యాట్స్‌మన్ తలకు హెల్మెట్టు వచ్చింది. 1991లో ఒక బ్యాట్స్‌మన్‌కు ఓవరుకు ఒక్క బంపరు మాత్రమే వేయాలని కట్టుదిట్టం చేశారు; 1994లో దానిని సడలించి ఓవరుకు రెండన్నారు. ఒకప్పుడు ఇద్దరు అంపైర్లూ ఆతిథ్య దేశస్థులే. 1986లో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల టెస్టుకు ఇద్దరు భారతీయ అంపైర్లను పిలిపించినప్పుడు అది వింతగా చెప్పుకొన్నారు. ఇప్పుడు అంపైరు తీర్పుపై కెమెరాకు అప్పీలు చేసుకొనవచ్చును. ఒక్కొక్క మార్పు ఒక తరం బౌలరుకు ఏదో ఇచ్చింది, మరొక తరం నుండి ఏదో తీసుకొన్నది.

వేగమే కొలమానమని వాదించే మిత్రులు కొందరున్నారు. 2003 ప్రపంచ కప్పులో, కేప్‌టౌన్‌లో ఇంగ్లండుపై షోయబ్ అఖ్తర్ వేసిన ఒక బంతి గంటకు 161.3 కిలోమీటర్ల వేగం అందుకొన్నది. అద్భుతమే. కాని అఖ్తర్ 46 టెస్టులలో 178 వికెట్లతో ఆగిపోయాడు. అతనికంటె ఎంతో నెమ్మదిగా, గోడకు మేకు దిగేసినట్లు ఒకే చోట బంతిని వేస్తూ పోయిన గ్లెన్ మెక్‌గ్రాత్ 124 టెస్టులలో 21.64 సగటుతో 563 వికెట్లు తీశాడు. పైగా వేగాన్ని కొలిచే సాధనాలే కాలానికొక రకంగా మారినవి. లార్‌వుడ్ వేగమెంతో, స్పోఫోర్త్ వేగమెంతో నేటి యంత్రాలకు అందవు. వేగం ఫాస్టు బౌలరు ఆయుధం. అదే అతని గొప్పతనం కాదు.

మొత్తం వికెట్ల సంఖ్యతో తేల్చుదామా? 1964లో ఫ్రెడ్ ట్రూమన్ 300 వికెట్లు పూర్తిచేసినప్పుడు ప్రపంచంలో అంతకుముందు ఎవరూ ఆ సంఖ్యను చేరలేదు. 67 టెస్టులలో 307 వికెట్లతో అతడు ఆట ముగించాడు. అదే ఇంగ్లండుకు చెందిన జేమ్స్ ఆండర్సన్ 2024లో విరమించే నాటికి 188 టెస్టులలో 704 వికెట్లు తీశాడు. ఇరవై ఒక్క సంవత్సరాలు శరీరాన్ని నిలబెట్టుకొన్న ఆండర్సన్ సాధనకు మేము నమస్కరిస్తాము. కాని ట్రూమన్ కాలంలో అన్ని టెస్టులే లేవు. ఐదెకరాల రైతునూ యాభై ఎకరాల రైతునూ ధాన్యపు బస్తాల లెక్కన పోల్చడం ఎట్టిదో ఇదీ అట్టిదే.

నేల సంగతి మన దేశస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1952లో లీడ్స్‌లో భారత జట్టు రెండవ ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగైనా చేయకముందే నాలుగు వికెట్లు కోల్పోయింది. అందులో మూడు ట్రూమన్‌వి. ఆ గాయం చాలాకాలం మానలేదు. అయితే ట్రూమన్ భారత గడ్డపై ఒక్క టెస్టు కూడా ఆడలేదు. లిల్లీయు ఆడలేదు. లిల్లీ 70 టెస్టులలో 355 వికెట్లు తీసిన మహా బౌలరు. కాని 1980లో పాకిస్తాన్ పర్యటనలో మూడు టెస్టులలో అతనికి లభించినవి మూడే వికెట్లు, ఒక్కొక్కటి 101 పరుగుల వంతున. దీనివలన లిల్లీ చిన్నవాడు కాడు. మన ఉపఖండపు పిచ్‌లు ఫాస్టు బౌలరుకు ఎంత కఠినమైన పరీక్షయో తెలుస్తుంది.

ఆ పరీక్షను జీవితమంతా వ్రాసినవాడు కపిల్ దేవ్. 131 టెస్టులలో 434 వికెట్లు. వాటిలో 219 స్వదేశంలోనే. మన సయ్యద్ ఆబిద్ అలీ హైదరాబాదునుండి వెళ్లి 1967లో అడిలైడ్‌లో తన తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీసినవాడే. అయినను ఆ రోజులలో భారత జట్టుకు క్రొత్త బంతి ఒక లాంఛనం మాత్రమే. నాలుగు ఓవర్లు వేసి మెరుపు పోగొట్టి స్పిన్నర్లకు అందజేయడమే పని. అటువంటి దేశంలో కపిల్ ఒంటరిగా ఫాస్టు బౌలింగును ఒక వృత్తిగా నిలబెట్టాడు. అతని సగటు 29.64. జాబితాలు వ్రాసేవారు ఈ అంకెను చూచి అతనిని ఇరవయ్యవ స్థానానికో, ముప్పయ్యవ స్థానానికో నెట్టివేస్తారు. రెండవ వైపునుండి హోల్డింగునో, గార్నర్‌నో తోడిచ్చి ఉంటే ఆ అంకె ఇట్లే ఉండేదా?

ఇంతవరకు చెప్పినది ఆడినవారి సంగతి. ఆడనివ్వబడనివారి మాటేమిటి? ర్యాంకుల జాబితాలలో మమ్ములను అన్నిటికంటె బాధించేది ఇదే.

కేప్‌టౌన్‌కు చెందిన క్రోమ్ హెండ్రిక్స్ గొప్ప ఫాస్టు బౌలరు. 1894లో దక్షిణాఫ్రికా జట్టు మొదటిసారి ఇంగ్లండుకు వెళ్లినప్పుడు అతనిని తీసుకొనిపోలేదు. కారణం అతని ప్రతిభ కాదు, అతని చర్మపు రంగు. ఒక్క టెస్టయినా అతనికి దక్కలేదు. అదే దేశానికి చెందిన మైక్ ప్రాక్టర్ 7 టెస్టులలో 15.02 సగటుతో 41 వికెట్లు తీశాడు. 1970 తరువాత వర్ణవివక్ష కారణంగా ఆ దేశాన్ని ప్రపంచం వెలివేయగా అతని టెస్టు జీవితం అంతటితో ముగిసింది. ప్రాక్టర్‌ను తలచుకొని దురదృష్టవంతుడని జాలిపడేవారు ఎందరో ఉన్నారు; ఆ జాలి న్యాయమైనదే. కాని హెండ్రిక్స్ పేరు దురదృష్టవంతుల జాబితాలో సైతం అరుదుగా కనిపిస్తుంది.

మన దేశం సంగతికి వద్దాము. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో, తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు నాయకత్వాన, భారత జట్టు తన మొట్టమొదటి టెస్టు ఆడింది. క్రొత్త బంతి అందుకొన్న మహమ్మద్ నిస్సార్ ఇంగ్లండు ప్రారంభ బ్యాట్స్‌మన్లు హోమ్స్, సట్‌క్లిఫ్ ఇద్దరినీ బౌల్డ్ చేశాడు. 19 పరుగులకే ఇంగ్లండు మూడు వికెట్లు పోగొట్టుకొన్నది. నిస్సార్ ఆ ఇన్నింగ్స్‌లో 93 పరుగులకు 5 వికెట్లు తీశాడు. పాలితులు పాలకుల గడ్డపై వేసిన ఆ బంతుల శబ్దం మన ఆటకు నాంది. కాని నిస్సార్ జీవితంలో ఆడిన టెస్టులు ఎన్ని? ఆరు. తీసిన వికెట్లు 25. ఆ రోజులలో భారతదేశానికి ఎక్కువ టెస్టులు దక్కలేదు. అతనితోపాటు బంతి పంచుకొన్న అమర్ సింగ్ ఏడు టెస్టులు ఆడి, 1940లో ముప్పై ఏళ్లు నిండకుండానే కన్నుమూశాడు. 25 వికెట్ల నిస్సార్‌ను ఏ జాబితాలో ఎక్కడ పెడతారు?

ఇది గడచిన శతాబ్దంతో తీరిన కథ అనుకోరాదు. ఝులన్ గోస్వామి 2002 నుండి 2022 వరకు ఇరవై ఏళ్లు భారత మహిళా జట్టుకు ఫాస్టు బౌలింగు చేసింది. వన్‌డేలలో 255 వికెట్లు తీసింది. అంత దీర్ఘకాలంలో ఆమెకు లభించిన టెస్టులు 12 మాత్రమే. ఆ పన్నెండింటిలో 44 వికెట్లు, సగటు 17.36. మహాబౌలర్ల పేర్లు ఏకరువు పెట్టే మా వేపచెట్టు పండితులలో ఒక్కరైనా ఈ సంవత్సరం ఆమె పేరు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. ఆ తప్పు ఇక్కడ ఒప్పుకొంటున్నాము.

ఇట్లు ప్రతివానికీ ఒక సంజాయిషీ వెదకుతూ పోతే ఎవరిని గూర్చియు ఏమీ చెప్పలేము గదా, అందరూ సమానులేనా అని ఎవరైన అడుగవచ్చును. సరియైన ప్రశ్న. మా సమాధానం: అందరూ సమానులు కారు. చూడవలసిన రీతిలో చూస్తే తేడాలు స్పష్టంగానే కనిపిస్తాయి. అందుకు మూడు ప్రశ్నలు వేసుకొంటే చాలునని మా అభిప్రాయం.

మొదటిది: అదే పిచ్‌పై, అదే రోజులలో, ఇతరులు చేయలేనిది ఇతడు చేసినాడా? 1983 జనవరిలో సింధు రాష్ట్రంలోని హైదరాబాదులో పాకిస్తాన్ మూడే వికెట్లకు 581 పరుగులు చేసింది. మియాందాద్, ముదస్సర్ నాజర్ ఇద్దరే కలిసి 451 పరుగులు జోడించారు. బౌలర్లకు సమాధివంటి ఆ పిచ్‌పైనే ఇమ్రాన్ 35 పరుగులకు 6 వికెట్లు తీసి భారత జట్టును 189కి కూల్చాడు. ఇక్కడ కాలభేదం లేదు, స్థలభేదం లేదు. పోలిక సూటిగా ఉన్నది.

రెండవది: ఎన్ని రకాల నేలలపై నెగ్గినాడు? మూడవది: ఎవరి తోడుతో, ఎంత బరువు మోసి నెగ్గినాడు? రిచర్డ్ హాడ్లీకి ఈ మూడవ ప్రశ్నలో మేము నిండు మార్కులు వేస్తాము. చిన్న దేశమైన న్యూజిలాండుకు ఏళ్ల తరబడి అతడే ఆధారం. 86 టెస్టులలో 431 వికెట్లు. 1985లో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియాపై ఒక ఇన్నింగ్స్‌లో 52 పరుగులకు 9 వికెట్లు. మార్షల్‌కు అటువంటి ఒంటరితనం లేదు, చుట్టూ సింహాలే. అయినను మొదటి రెండు ప్రశ్నలకు అతడిచ్చిన జవాబు అసామాన్యం. 1983-84లో మన పిచ్‌లపై ఆరు టెస్టులలో 33 వికెట్లు తీశాడు. 1988లో ఇంగ్లండు తేమ నేలలపై 12.65 సగటుతో 35 వికెట్లు తీశాడు. 1984లో లీడ్స్‌లో ఎడమచేతి బొటనవ్రేలు విరిగి కట్టుతో ఉండగా 53 పరుగులకు 7 వికెట్లు తీసిన మనిషి అతడు. ఒక్కరి పేరే చెప్పుమని నిలదీస్తే మేము మార్షల్ పేరు చెబుతాము. కాని ఆ పేరు ప్రక్కన పై వాక్యాలన్నీ ఉండాలి. అవి లేని ర్యాంకు ఒట్టి సంఖ్య.

బుమ్రా మాట? 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 200 వికెట్లు పూర్తిచేసిన నాటికి అతని సగటు 20 లోపే. అంతకుముందు 200 వికెట్లు తీసినవారెవరూ అప్పటికి ఆ సగటు నిలుపుకోలేదు. అతడు మహాబౌలర్ల పంక్తిలో కూర్చున్నాడనడంలో సందేహం లేదు. ఆ పంక్తిలో ఎన్నవ విస్తరి అనేది ఆట ముగిసిన తరువాత చూచుకొందాము. పరీక్ష జరుగుచుండగా మార్కులు వేయరాదు.

కడపట మన ఊరివానిని గూర్చి ఒక మాట. 2025లో ఇంగ్లండులో జరిగిన ఐదు టెస్టులలో బుమ్రా మూడింటనే ఆడగలిగాడు. హైదరాబాదు ఆటోడ్రైవరు కుమారుడు మహమ్మద్ సిరాజ్ ఐదూ ఆడాడు. 185 ఓవర్లకు పైగా వేసి 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్ మైదానంలో ఆఖరి వికెట్టు అతనిదే. భారత్ ఆరు పరుగుల తేడాతో నెగ్గి సిరీస్‌ను సమం చేసింది. ఏ జాబితాలోనైనా సిరాజ్ కంటె బుమ్రా పైన ఉంటాడు, ఉండవలసినదే. కాని ఆ ఉదయం జట్టుకు అక్కరకు వచ్చినది ర్యాంకు కాదు, ఇరవై అయిదవ రోజున కూడా పరుగెత్తి రాగల ఒక జత కాళ్లు.

మా కళాశాలలో రెండు భాషల విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చుంటారు. ఒకరు పట్టణపు పాఠశాలనుండి వస్తే, ఒకరు రాత్రి దుకాణంలో పనిచేసి ఉదయం పాఠానికి వస్తారు. సంవత్సరాంతాన నోటీసు బోర్డుపై మార్కుల జాబితా అంటిస్తారు. జాబితా ఉండవలసినదే, లేకపోతే కష్టపడినవానికి గుర్తింపు లేదు. కాని ఆ జాబితాను చదివేటప్పుడు ఒక్కొక్క పేరు ప్రక్కన ఉన్న పిచ్ ఎటువంటిదో కూడా తలచుకోవాలి. ఉర్దూ మిత్రులు దీనినే ఇన్సాఫ్ అంటారు, మనము న్యాయమంటాము. మాట ఏదైనను తక్కెడ ఒకటే. రేపు వేపచెట్టు క్రింద మళ్ళీ వాదం మొదలైనప్పుడు, మొదటివాడెవరని అడిగే ముందు అతడు ఎక్కడ, ఎవరిపై, ఎవరి తోడుతో బంతి వేశాడని అడుగవలసినదిగా పాఠక మిత్రులను కోరుచున్నాము. అప్పుడు మా వాదం గంట మ్రోగినా ఆగకపోయినా మంచిదే.